గేటు దగ్గరి సమాధులు

మా ఊరి సమాధుల తోటలో లోపల ఎంతో ఖాళీ ఉంది. అయినా కొన్నేళ్లుగా చనిపోయినవాళ్లను గేటు దగ్గరే పెడుతూ వచ్చాం. కారణం సర్కారు తుమ్మ. ప్రహరీ కట్టిన కొత్తల్లో అది ఒక మూల మాత్రమే ఉండేది. మేకలు ఆ కాయలు తిని తోటంతా తిరిగాయి. ఆ తరవాత ఎవరూ పట్టించుకోలేదు. కంప ఏటా కొంత ముందుకొచ్చేది, మనుషులు కొంత వెనక్కి తగ్గేవారు. ఎవరైనా పోతే, గుంట తవ్వేవాళ్లు కత్తులతో కొట్టగలిగినంత దూరం కొట్టి అక్కడ తవ్వేవారు. అలా జరుగుతూ జరుగుతూ చివరికి గేటు నుంచి లోపలికి పోయే బాట మీదే సమాధులు లేచాయి. బాట మూసుకుపోతోందని అందరికీ తెలుసు. కానీ పెట్టె భుజాల మీద ఉన్నప్పుడు, ముళ్లలోకి పోదాం పదండి అని ఎవరూ అనరు.

నా భార్యను కిందటేడు వానలు ముగిసే రోజుల్లో అక్కడే పెట్టాం. గేటు దాటి లోపలికి రాగానే ఎడమ పక్క. ఆమె తల్లి సమాధి తోట లోపల ఎక్కడో ఉంది. తల్లి పక్కన పెట్టమని ఆమె ఎప్పుడూ అడగలేదు. అలాంటి కోరికలు చెప్పుకునే మనిషి కాదు. ఆమె తమ్ముడు మాత్రం ఆ ఉదయం ఎవరికీ చెప్పకుండా కత్తి తీసుకుని కంపలోకి పోయాడు. కాసేపటికి మోచేతుల దాకా గీరుకుపోయి తిరిగొచ్చి, "కుదరదు బావా" అని గుంట తవ్వే వాళ్ల పక్కన కూర్చున్నాడు.

మాది నల్లరేగడి. మా వాళ్లు సమాధి మీద వెంటనే సిమెంటు కట్టరు. ఒక వానాకాలం నిండుగా పోవాలి. లోపల పెట్టె ఒదిగి, మన్ను కూర్చుని, పైన కుంగుతుంది. కుంగిన చోట మళ్లీ మన్ను పోసి, అప్పుడు మేస్త్రీని పిలుస్తారు. తొందరపడి కట్టినవి నిలువునా పగిలి పక్కకు ఒరగడం అందరం చూశాం. అందుకని ఆమె సమాధి ఇంకా మట్టి దిబ్బగానే ఉంది. తల దగ్గర కడప రాయి ఒకటి నిలబెట్టాం.

నేను బ్రాడీపేటలో ఉంటాను. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఊరెళ్లి, ఆరాధన అయ్యాక సమాధి దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. అక్కడ చేసేది ఏమీ ఉండేది కాదు. కంప కొమ్మలు దిబ్బ మీదికి వంగితే విరిచి పారేసేవాణ్ణి.

మిరప కోతలు సాగుతున్న రోజుల్లో ఒక ఆదివారం సంఘపెద్ద గుళ్లో ప్రకటించారు. ఈస్టరుకి ముందే తోట శుభ్రం చేయిస్తున్నామని. ఈస్టరు తెల్లవారుజామున మా వాళ్లు సమాధుల దగ్గరికి కొవ్వొత్తులతో వెళతారు. అంతకు ముందు వారంలో సున్నాలు కొడతారు. కొన్నేళ్లుగా లోపల తమ వాళ్లున్నవాళ్లు గేటు దగ్గరే కొవ్వొత్తి వెలిగించి, కంప వైపు తిరిగి ప్రార్థన చేసుకుని వెళ్లిపోతున్నారు. కూలీలతో కొట్టిస్తే ఏడాదిలో మళ్లీ చిగురుస్తుంది కాబట్టి ఈసారి జేసీబీ పెడతామన్నారు. మన్ను తవ్వే బండి ఏ కంపెనీదైనా మా వైపు జేసీబీ అనే అంటారు. పెద్ద బండి సమాధుల మధ్య తిరగలేదు. వేటపాలెంలో జీడిపప్పు షెడ్ల సందుల్లో పనిచేసే చిన్న బండి ఒకటి ఉందని ఎవరో చెబితే, దాన్ని మాట్లాడారు.

బండి రాకముందు దాని డ్రైవరు చూసి పోవడానికి మోటారుసైకిలు మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి. చెవిలో ఇయర్‌ఫోను. సంఘపెద్ద, నేను, మా బావమరిది గేటు దగ్గర ఉన్నాం. అతను గేటు లోపలికి ఒకసారి చూశాడు, మా వైపు ఒకసారి చూశాడు.

"బాగానే ఉందండీ. మరి బండి ఎటునుంచి తోలాలి?"

"ఇదేగా గేటు," అన్నారు సంఘపెద్ద.

"గేటు కనబడతందండీ. ఆ వెనక మనుషులున్నారు కదా."

సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు. కుడి పక్కవి పాతవి, సిమెంటువి, వాటి మీదికి ఎక్కనక్కర్లేదు. ఎడమ పక్క మాస్టారి భార్యది ఒక్కటే మట్టిది. దాని మీద ఇనప రేకులు పరిచి, పైన ఇసక బస్తాలు వేసి, నిదానంగా తోలితే సరిపోతుందని ఆయన ఆలోచించి పెట్టుకున్నారు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

బావమరిది అందుకున్నాడు.

"మా అక్క మీద టైరు ఎక్కిస్తావా? ఎక్కించు చూస్తా."

"నేనేమన్నా సరదాకి చెప్తున్నానా? లోపల మీ అమ్మ ఉందా లేదా? ఆమె దగ్గరికి పోవద్దా?"

"మా అమ్మ ఎప్పుడన్నా నిన్ను పిలిచిందా, నన్ను చూడ్డానికి రావయ్యా అని?"

"పోయినోళ్లు పిలుస్తారంట్రా? ప్రతి ఈస్టరుకీ గేటు పట్టుకుని ఏడ్చేది నువ్వే కదరా!"

డ్రైవరు ఇయర్‌ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను అతన్ని అడిగాను, రేకులు వేసి తోలితే ఏమవుతుందని.

"కుంగుద్దండి," అన్నాడు. "చిన్న బండే అయినా బరువు బరువే కదా. పైన కనపడకపోవచ్చు. లోపల పెట్టె మాత్రం ఆగదు. ఉన్నమాట చెప్తున్నా, తరవాత నన్నంటే బాగుండదు."

సంఘపెద్ద నిదానంగా అన్నారు. "ఎట్టాగూ వచ్చే వానలకి కుంగేదే కదా మాస్టారూ. అది ఏదో ఒక రోజు జరిగేదే. మీరు చదువుకున్నవారు. మీరు సరేనంటేనే చేద్దాం, లేకపోతే లేదు."

ఆయన అన్నది నిజమే. అది జరిగేదే అని నాకూ తెలుసు. చనిపోయిన మనిషికి బరువు తెలియదనీ తెలుసు. ఆమె పోయాక చావు గురించి నేను చాలా చదివాను. చదివినవాటిలో చాలావరకు ఒప్పుకోదగిన మాటలే ఉన్నాయి. సరేనంటే ఈస్టరుకి ఊరంతటికీ తోట తెరుచుకుంటుంది. లేదంటే నా ఒక్కడి వల్ల ఆగిపోతుంది. బండి ఈ వారం తప్పితే మళ్లీ చెరువు పనులకు పోతుంది.

"వద్దండీ," అన్నాను.

ఇంకేమన్నా చెబుతానేమోనని సంఘపెద్ద చూశారు. అరవడానికి సిద్ధమై వచ్చిన బావమరిది, ఎదురు లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తన తల్లి లోపలే ఉండిపోతుందని అప్పుడే తట్టినట్టుంది.

కాసేపయ్యాక డ్రైవరే తోట చుట్టూ తిరిగొస్తానని వెళ్లాడు. వెనక ప్రహరీ ఒక చోట విరిగి ఉంది. దాని అవతల చేలకు నీళ్లు పారే బోదె, బోదె పక్కన గట్టు, గట్టు దాటితే మిరప చేను. బోదెలో మన్ను వేసి పూడిస్తే బండి దిగుతుంది, పని అయ్యాక అదే బండితో మన్ను ఎత్తేయొచ్చు అన్నాడు. కానీ గట్టు మీద బండి పట్టదు. చేలో గట్టు పక్క సాళ్లు రెండు పోతాయి.

చేను వాళ్లది పెద్ద కుటుంబం. మేం వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దాయన కల్లంలో ఆరబోసిన కాయల దగ్గర మంచం వేసుకుని కూర్చున్నారు. మా ఆడవాళ్లు చాలామంది ఆయన చేలో కోతకు పోతారు. ఆ సాయంత్రం కూడా కల్లంలో తాలు కాయలు ఏరుతూ కొంతమంది ఉన్నారు. సంఘపెద్ద విషయం చెప్పారు. పెద్దాయన నా వైపు తిరిగి, "అమ్మగారిది మట్టిదేనా ఇంకా?" అని అడిగారు. అవునన్నాను.

"సాళ్లదేముంది, పోతే పోయాయి. కాయ ఉన్న చెట్టు మీద మాత్రం బండి ఎక్కనివ్వను. ఇంకో కోత ఉంది. కోసుకోనివ్వండి."

"ఎప్పుడు బాబుగారూ కోత?" సంఘపెద్ద అడిగారు.

"పండాలి కదయ్యా. ఇంకో పది రోజులు."

"ఈస్టరు ఆగదు కదా."

"నా చెట్టుకి ఈస్టరు తెలుసా?"

తాలు కాయలు ఏరుతున్న వాళ్లలో కోత ముఠాని నడిపే ఆమె ఉంది. ఆమె భర్తది గేటు కుడి పక్క సమాధి. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

"పండినయ్యి రేపు కోసేస్తాం బాబుగారూ. పచ్చియి మీ ఇంటికి పంపిస్తాం, పచ్చడి పెట్టుకోండి."

"రెండు సాళ్ల పచ్చిమిరక్కాయలు నేనేం చేసుకోనే?"

"మీ నోటికి చాలవులెండి."

ఆడవాళ్లందరూ నవ్వారు. ఆయనా నవ్వు ఆపుకుంటూ, పని అయ్యాక గోడ మళ్లీ కట్టకపోతే పందులు చేలో పడతాయనీ, అప్పుడు ఎవరి మొహమూ చూడననీ అన్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్లు ఆ రెండు సాళ్లూ కోసి, చెట్లు కూడా పీకి, గట్టు మీద కుప్ప పెట్టారు. మధ్యాహ్నానికి బండి వచ్చింది.

బండి నేననుకున్నదానికంటే చిన్నది. ముందు వెడల్పాటి బకెట్టు, వెనక మడిచిన చెయ్యి లాంటిది, దాని చివర పళ్లున్న సన్నటి బకెట్టు. బోదె పూడ్చి, గోడలో విరిగిన భాగాన్ని వెడల్పు చేసి లోపలికి దిగాక, డ్రైవరు ముందు బకెట్టు ఊడదీశాడు. దాని బదులు పొడుగాటి ఇనప పళ్లున్న ఫోర్కు బిగించాడు. బకెట్టుతో తోస్తే కంపతో పాటు పై మన్ను కూడా లేచిపోతుందట, దిబ్బలన్నీ చదునైపోతాయట. ఫోర్కు పళ్ల సందుల్లోంచి మన్ను జారిపోతుంది, కంప ఒక్కటే వస్తుంది.

మా సమాధులన్నీ తల పడమటికి, కాళ్లు తూర్పుకి. కాబట్టి వరసల మధ్య బండి తూర్పు పడమరగానే నడవాలి. అడ్డంగా తిరగకూడదు. కానీ వరస ఎక్కడుందో కంప కింద కనపడదు. బావమరిది ఒక ఇనప చువ్వ పట్టుకుని ముందు నడిచాడు. దిబ్బ తగిలిన చోట, రాయి తగిలిన చోట ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల గుచ్చేవాడు. వెనక బండి వచ్చేది. వాళ్లిద్దరూ మొదటి రోజు పోట్లాడుకున్నారు.

"ఒరేయ్, ఆగమన్నప్పుడు ఆగవా?"

"నువ్వు ఆగమనేసరికి నేను ఆగే ఉన్నా. మళ్లీ ఎందుకాగాలి?"

రెండో రోజు నుంచి చేతి సైగలతోనే పని నడిచింది.

తుమ్మ మోడు వరసల మధ్యలో ఉంటే, డ్రైవరు బండి పక్కలకి జాకీలు దించి నిలబెట్టి, వెనక చేత్తో మోడు చుట్టూ తవ్వి వేరుతో సహా పైకి లాగేవాడు. మోడు సమాధి మీదే ఉంటే ముట్టుకోలేదు. దాని వేళ్లు ఎక్కడిదాకా పోయాయో, లాగితే వాటితో ఏం వస్తుందో తెలియదు. అవి మనుషులు రంపంతో నేలమట్టానికి కోశారు. అవి మళ్లీ చిగురిస్తాయి. ఏటా ఎవరి సమాధి మీది చిగురు వాళ్లు కొట్టుకోవాలని సంఘపెద్ద చెప్పారు.

మా అత్తగారి సమాధి దొరికిందా అంటే చెప్పలేను. ఆమె పోయినప్పుడు కట్టించే స్తోమత లేదు. వేప చెట్టు దాటాక రెండో వరస అని నా భార్య అనేది. వేప చెట్టు లేదు. పేరు లేని దిబ్బలు మూడు ఒకేచోట కనిపించాయి. బావమరిది చాలాసేపు వాటి మధ్య తిరిగి, చివరికి మూడింటికీ సున్నం కొట్టాడు. మిగతా రెండు ఎవరివో అడిగితే, "ఎవరివైతే ఏం బావా, కొడితే తప్పా?" అన్నాడు.

గేటు వైపు కంప తీసే రోజు నేను అక్కడే ఉన్నాను. బండి లోపలి నుంచి వచ్చింది కాబట్టి ఆమె దిబ్బ దాకా రానక్కర్లేదు. డ్రైవరు దూరంగా ఆపి, వెనక చెయ్యి పూర్తిగా చాచి, దిబ్బ అవతల ఉన్న కంపను బకెట్టు పళ్లతో పట్టి తన వైపుకి లాక్కున్నాడు. ఒక కొమ్మ కడప రాయికి తగిలింది. రాయి కదల్లేదు. ఆ పక్క ఇంకేమీ మిగల్లేదు. ఇంజను ఆపితే చేలో మాటలు వినిపించాయి.

ఈస్టరు తెల్లవారుజామున జనం చేని గట్టు మీదుగా, గోడ కంతలోంచి లోపలికి వచ్చారు. చాలామంది తమ వాళ్ల సమాధులు వెతుక్కోవడంలోనే ఉండిపోయారు. పాస్టరుగారు పాట రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. తరవాత సంఘంలో మాట్లాడుకుని ఆ కంత దగ్గరే కొత్త గేటు పెట్టారు. చేను వాళ్లు గట్టు మీద నడవడానికి ఒప్పుకున్నారు. పాత గేటుకి తాళం వేశారు. అటు ఎవరూ నడవరు.

మృగశిర దాటాక మొదటి పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్నే బావమరిది ఫోను చేశాడు.

"బావా, అక్కది కుంగింది. మధ్యలో బాగా."

వెళ్లాను. దిబ్బ నడుమ బారెడు పొడుగున మన్ను లోపలికి దిగి, అందులో నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్లు ఇంకేదాకా ఆగి, మోళ్లు పీకిన చోట కుప్పగా ఉన్న మన్ను తట్టలతో తెచ్చి పోశాం. అతను తవ్వి ఎత్తాడు, నేను మోశాను. నాకు ఆయాసం వస్తే సమాధి గట్టు మీద కూర్చోమన్నాడు. ఎవరి సమాధి మీదని అడిగితే, ఎవరిదైతే ఏం అన్నట్టు చెయ్యి ఊపాడు. మన్ను పోశాక పారతో అదిమి, నీళ్లు చల్లి, మళ్లీ అదిమాడు.

"వానలైపోయాక మేస్త్రీని పిలవొచ్చు," అన్నాడు.

పిలవమన్నాను.