బార్డర్ విప్పి కుట్టిన అమ్మ

సాల్మియా సూపర్ మార్కెట్లో నిమ్మగడ్డి కట్ట చేతికి తీసుకుంటే చాలు, ఫర్వానియాలోని మా పాత ఫ్లాటు, ఆ ఇరుకు వంటగది, ఒకరి చేతిలో గరిటె ఒకరు లాక్కునే ముగ్గురు ఆడవాళ్లు గుర్తొస్తారు. ఒకరు రాజంపేట నుంచి ఈ ఎడారి దేశానికి కుట్టుపనికి వచ్చిన మా అమ్మ. మిగతా ఇద్దరూ అమ్మతో పాటు కింది లేడీస్ టైలర్ షాపులో కుడుతూ, మా పక్క గదిలో ఉండేవాళ్లు. ఒకామె థాయిలాండ్ నోక్, ఇంకొకామె కంబోడియా చాంత. మా అమ్మ నోటికి ఆ పేర్లు ఎక్కుతాయా! నోక్ నూకమ్మ అయింది, చాంత శాంతమ్మ అయింది, నాకు ఇద్దరూ పిన్నమ్మలయ్యారు.

నాయన వఫ్రా తోటల్లో పనిచేస్తూ శుక్రవారానికి గానీ వచ్చేవాడు కాదు. అమ్మకు పొద్దంతా షాపే. బడి నుంచి వచ్చిన నన్ను పిన్నమ్మలిద్దరే షాపులో వంతులు మార్చుకుని చూసుకునేవాళ్లు. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు వాళ్లిద్దరి కొత్త సంవత్సరమూ ఒకేసారి వచ్చేది. బకెట్ నీళ్లలో మల్లెపూలు వేసి నా నెత్తిన కుమ్మరించేవాళ్లు, కొబ్బరిపాలు పోసిన జిగట అన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టి తినిపించేవాళ్లు, అది మా వంటంటే మా వంటని వాదులాడుకునేవాళ్లు. అమ్మేమో మామిడికాయకు ఉప్పూకారం అద్దడం మీకు నేర్పింది మేమేనంటూ మధ్యలో దూరేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఉన్నట్టుండి ఆ వాదులాట ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూడరు. శాంతమ్మ వేరే గది వెతుక్కుని పెట్టె సర్దుకుంటోంది. ఆమె వెళ్లిపోతే నూకమ్మతో వంతు మార్చుకునేవాళ్లు లేక నన్ను ఊళ్లో నాయన వాళ్లమ్మ, మా జేజి దగ్గరికి పంపాల్సిందే. "నిన్ను పంపేసి నేనీడ ఎట్ల బతికేదిమే" అని అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

చివరికి ఏమైందని అమ్మ నిలదీస్తే నూకమ్మ ముక్కు ఎగబీల్చి, "బార్డర్... బార్డర్ ప్రాబ్లం" అంది.

అంతే! మా అమ్మకు బార్డరంటే బట్ట అంచే. ఇద్దరూ కలిసి కుడుతున్న పెళ్లి గౌను దగ్గర మాటామాటా వచ్చిందనుకుని, మధ్యాహ్నమంతా కూర్చుని ఆ జరీ అంచు మొత్తం విప్పి, మళ్లీ కుట్టి, తెచ్చి వాళ్ల ముందు పరిచింది.

"ఖలాస్! బార్డర్ నేను సరిచేసినా. ఇంగ మాట్లాడుకోండి!"

ముందు శాంతమ్మ నవ్వింది. నూకమ్మ నవ్వుతూనే ఆమె మీద పడి ఏడ్చింది. రెండు దేశాల సరిహద్దులో ఒక గుడి కోసం సైన్యాలు కాల్చుకుంటున్నాయని, తమ దేశపు సైన్యంలో నూకమ్మ తమ్ముడున్నాడని, శాంతమ్మ వాళ్ల ఊరు ఆ కొండ కిందేనని అప్పుడు చెప్పారు. అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "గెనిమ తగాదానా! అన్నదమ్ముల చేల గట్ల కాడ లేందా యేమి?" అంది. పెట్టె మళ్లీ మంచం కిందికి పోయింది.

ఇప్పుడు ఆ బిల్డింగూ లేదు, షాపూ లేదు. పిన్నమ్మలు ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు, ఫోన్ నంబర్లు మారిపోయాయి. ఆ సరిహద్దులో మళ్లీ కాల్పులని వార్తల్లో చూశాను. తప్పెవరిదో నాకు తెలియదు, దీపం పెట్టి ఇద్దరి పేర్లూ చెప్పుకున్నాను. ఆరోజు వాళ్లు మళ్లీ కలవకపోయి ఉంటే, నాకు అమ్మంటే వారానికోసారి ఫోన్లో వినిపించే గొంతు మాత్రమే అయి ఉండేది.