దానమ్మ పీకేసిన పొర

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. పలాస స్టేషన్ రోడ్డులో నా రిపేరు కొట్టు ఎంత ఇరుకంటే, పెద్ద టీవీ ఒకటి లోపలికొస్తే నేను బయటికి రావాలి. మా ఆవిడ మాత్రం కొట్టు బాగానే ఉందనీ, ఇరుకంతా నా పొట్టదేననీ అంటుంది. ఇకపై నేను రాసేవన్నీ ఈ లెక్కన కొంచెం తగ్గించుకుని చదవండి.

2023 జూన్. సముద్రంలో వేట నిషేధం ముగియడానికి ఇంకో వారం ఉంది. ఉద్దానం తీరం నుంచి దానమ్మ అనే ఆవిడ కొట్టుకొచ్చింది. చీర కొంగులో ఏదో పసిపిల్లను దాచినట్టు దాచుకుని తెచ్చింది. విప్పితే పడవల్లో వాడే జీపీఎస్ పెట్టె. అరచేతిలో పట్టేంత ఉంటుంది. తెర తెల్లగా వెలుగుతోంది గానీ, దాని మీద గీత లేదు, అక్షరం లేదు.

"ఏటైనాదప్పా దీనికి?"

"తోమినాను బావూ."

"తోమినావా? ఏటి, గిన్నెనుకున్నావా?"

"మా ఇంటాయన తమ్ముడికి ఇత్తాడని నాను బాగు సేద్దామనుకున్నాను. పై అద్దం పగిలిపోయి రెండేళ్లైనాది. ఆ కింద ఏదో పొర మసకేసిపోయి, ఓ మూల లేచిపోనాది. కొత్త ఫోను మీద అంటించి ఇత్తారు గదా, అలాటిదే అనుకుని పీకీసినాను. మిగిలిన జిగురు కొబ్బరి పీచెట్టి తోమీసినాను."

ఆవిడ భర్త గురువులు. ముప్పై ఏళ్లు పడవ నడిపాడు. కిడ్నీలు పాడై ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడు, సముద్రం మీదికి పోలేడు. ఇకపై పడవ అతని తమ్ముడు నడపాలి. నీటి అడుగున రాళ్లుండి చేప చేరే చోట్లు నలభై మూడు, గురువులు ఒక్కొక్కటీ ఆ పెట్టెలో గుర్తు పెట్టుకున్నాడు. అన్న చేతి నుంచి తమ్ముడి చేతికి వెళ్లాల్సిన ఆస్తి అదొక్కటే.

"ఆయనకి ఇంకా సెప్పనేదు. ఆ గుర్తులు పోనాయా బావూ? ఆ ఒక్క మాట సెప్పు."

ఇలాంటి తెర లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. దీన్ని ఎల్‌సీడీ అంటాం. అన్నిటికన్నా వెనక ఒక దీపం, అది బ్యాక్‌లైట్. దాని ముందొక పొర, పైన ఇంకో పొర, రెంటి మధ్య ద్రవంలాంటి స్ఫటికాలు. ఆ పొరల పేరు పోలరైజర్. కిటికీకి నిలువు ఊచలున్నాయనుకోండి, నిలువుగా పట్టుకున్న పలక దూరుతుంది, అడ్డంగా పట్టుకున్నది దూరదు. వెలుగూ అంతే. మొదటి పొర ఒక్క దిక్కున ఊగే వెలుగునే లోపలికి రానిస్తుంది. స్ఫటికాలు కరెంటును బట్టి ఆ వెలుగును ఒక చోట తిప్పుతాయి, ఇంకో చోట తిప్పవు. పై పొర ఒకదాన్ని వదిలి, రెండోదాన్ని ఆపుతుంది. వదిలిన చోట తెలుపు, ఆపిన చోట నలుపు. మనం బొమ్మ అనుకునేది ఆ రెండే. దానమ్మ పీకింది ఆ పై పొరని. ఆపే పొర లేక వెలుగంతా బయటికొచ్చేస్తోంది. లోపల బొమ్మ తయారవుతూనే ఉంది, మన కంటికే అందడం లేదు.

నేను ఒక్క చూపులో జబ్బు కనిపెట్టాను. ఎండలో బండి నడపడానికి కొన్న నల్ల కళ్లద్దాలు తీసి దానమ్మకు పెట్టాను. ఆ అద్దాల్లోనూ అదే రకం పొర ఉంటుంది. ఆవిడ పెట్టెలోకి చూసి కెవ్వుమంది. బంగాళాఖాతం మొత్తం నా బల్ల మీద లేచి నిలబడింది, నలభై మూడు గుర్తులూ చుక్కల్లా మెరిశాయి. స్టేషన్లో ఆగిన రైలు జనమంతా తొంగిచూశారు. "ఓలమ్మో, మా ఆయన సముద్రం ఇక్కడే ఉంది!" అని నవ్వుకుంటూ ఆవిడ ఆటో ఎక్కింది.

తర్వాత టెక్కలిలో పాత టీవీలు విప్పే మిత్రుడి దగ్గర పోలరైజర్ షీటు తెచ్చి, జిగురు తుడిచి, ముక్క కోసి అంటించాను. మొదటిసారి అడ్డంగా అంటించాను. నలుపంతా తెలుపై, తెలుపంతా నలుపై, సముద్రం ఉండాల్సిన చోట అమావాస్య కనిపించింది. పీకి, పావు చుట్టు తిప్పి అంటిస్తే కుదిరింది.

ఇక్కడితో ఆపితే నాకు మంచి పేరొస్తుంది. కానీ ఒప్పుకోవాల్సినది ఉంది. రైలు జనం సంగతి మీరే కొట్టిపారేసి ఉంటారు. నేను కల్పించింది అది మాత్రమే కాదు. ఆ రోజు దానమ్మ నవ్వుకుంటూ వెళ్లలేదు. నేను ఏమీ కనిపెట్టలేదు. తెల్లటి తెర చూసి, ఇంకో టీవీ తొందరలో ఉండి, "పోనాదప్పా, మరి రాదు" అనేశాను. ఆవిడ ఆ పెట్టెను తీసుకెళ్లడానికి కూడా చేతులు రాక, బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, భోజనానికి బయల్దేరుతూ కళ్లద్దాలు పెట్టుకుని, పెట్టె పనిచేస్తోందో లేదో చూద్దామని స్విచ్చి నొక్కాను. గుర్తులన్నీ కనిపించాయి. భోజనం మానేసి టెక్కలి బస్సెక్కాను.

బాగుచేసి మర్నాడు నేనే వాళ్ల ఊరెళ్లాను. గురువులు మంచం మీద కూర్చుని, తమ్ముడికి గుర్తులు నోటితో చెప్పి రాయిస్తున్నాడు. "కొండ కొసా, మన రేవు తాటిసెట్టూ ఒక్క వరసలో పడితే, అక్కడ లంగరెయ్యి." అప్పటికి పద్దెనిమిది అయ్యాయి.

పెట్టె చేతిలో పెట్టాను. తమ్ముడు రాసిన కాగితంతో సరిచూసుకుని, "రెండు తప్పు సెప్పినాన్రా" అని నవ్వాడు. నాతో అన్నాడు: "ఇదొచ్చి సెప్పినాది బావూ, నానే తోమీసినానని. పోతే పోనీ, నాను ఉన్నాను గదా అన్నాను. అయినా అన్నం ముట్టనేదు."

దానమ్మ తెర వైపు చూడనేలేదు, నా వైపే చూసింది. "పోనాదన్నావు. ఒక్క పూట ఆగి సూసి సెప్పుంటే నీ సొమ్మేటి పోయీది బావూ?"

ఆవిడ ఇచ్చిన కొబ్బరి నీళ్లు తాగి వచ్చేశాను.

ఇప్పుడు నా కొట్టుకి ఏ తెర వచ్చినా, "ఉంచి వెళ్లండి, చూసి రేపు చెప్తాను" అంటాను. బజార్లో నాకు బద్ధకస్తుడని పేరొచ్చింది.