గేటు దగ్గర ఏడ్చిన పాట

మొన్న కోలారు పక్కన తమక దగ్గర ఎక్కిన బస్సులో, నరసాపురం ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయే కుర్రాడొకడు ఫోన్‌లో గిటారు పాట పెట్టాడు. ఒకే చరణం రెండుసార్లు వచ్చింది, మూడోది జవాబులా వచ్చింది. మాటలు అర్థం కాలేదు కానీ అది బ్లూస్ అని తెలిసింది. అమెరికాలో నల్లజాతి కూలీలు తమ కష్టాన్ని పాడుకున్న పాటలవి. నాకు వాటిని పరిచయం చేసినవారు మా తెలుగు మాస్టారు మునిరత్నం గారు.

మాస్టారిది గౌనిపల్లి. రాగిచేలు వదిలి, కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక ఆ గనుల ఊరు కేజీఎఫ్‌లో బడి మాస్టారుగా చేరారు. పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఫిట్టరు ఆస్ట్రేలియా వెళ్తూ తన బ్లూస్ రికార్డులన్నీ ఆయనకిచ్చి పోయాడు. కొన్నేళ్లు వాటిని విని విని, అదే పద్ధతిలో గని పాటలు రాసి 'నీలం షిఫ్టు' అని పుస్తకం వేశారు. అప్పటికి నేను కోలారులో డిగ్రీ చదువుతున్నాను.

ఊరు రెండుగా చీలింది. ఛందస్సు లేని ఏడుపని పండితులు పెదవి విరిచారు. యూనియన్ కుర్రాళ్లు మాత్రం టీ అంగడి దగ్గర పాడుకునేవారు. ఊరి లైబ్రరీలో ఉన్న ప్రతిలో, అచ్చులో పొరపాటున రెండుసార్లు పడిందనుకుని ఎవరో మహానుభావుడు ప్రతి రెండో చరణాన్నీ పెన్సిలుతో కొట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. మాస్టారు పడీపడీ నవ్వారు. "కొట్టేసినాడంటే కడదాకా చదివినాడమ్మా. పొగిడినోళ్ల మీదనే నాకు అనుమానం" అన్నారు.

ఎక్కువమంది మెచ్చుకున్న పాట ఒకటుంది.

"సైరన్ కూసింది, గేటు దగ్గర గొంతు చించుకున్నాను
సైరన్ కూసింది, గేటు దగ్గర గొంతు చించుకున్నాను
నువ్వు దిగిన దారిన నా ఏడుపైనా దిగుతుందని."

మా నాన్న గని లోతున ఒత్తిడికి రాయి పేలినప్పుడు చనిపోయాడు. ఆ పాట అమ్మకు చదివి వినిపించాను. గని కూలీల లైనిళ్లలో మా పక్కింటి రుక్కమ్మత్త కూడా ఉంది. ఆమె భర్త పోయిందీ ఆ రోజే.

"ఇది అబద్ధం" అంది అమ్మ. "ప్రమాదం సైరన్ కూసినాక, పోయినోళ్ల పేరు పిలిచేదాకా గేటు కాడ ఎవురూ ఏడ్చరు. ముందే ఏడిస్తే మనమే చంపినట్టు. నేను కొంగు నోట్లో కుక్కుకోని నిలబడినాను."

"కుక్కుకున్న ఏడుపు యాడికి పోయింది వదినా?" అంది రుక్కమ్మత్త. "ఆయప్ప రాసింది దాన్నే కదా."

అమ్మ ఒప్పుకోలేదు. యూనియన్ హాల్లో సభ పెట్టి మాస్టారి చేత అదే పాట పాడిస్తారని తెలిసి, ఆయన్ను ఇంటికి పిలిపించి "దాన్ని మాత్రం పాడొద్దండి సార్. నేను ముందే ఏడ్చినానని అందరూ అనుకుంటారు" అంది. మాస్టారు తల వంచుకుని విన్నారు. పాడననీ అనలేదు, పాడతాననీ అనలేదు.

సభలో ఆయన ముందుగా అమ్మ మాటే చెప్పారు. "గేటు కాడ నిలబడిన ఒకమ్మ ఈ పాట అబద్ధమంటా ఉండాది. అట్లా నిలబడిన ఇంకొకమ్మ నిజమంటా ఉండాది. నేను ఆ పొద్దు ఆడ లేను. ఇద్దరి మాటా విని, ఇంగ పాట వినండి" అని పాడారు. రుక్కమ్మత్త వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. నాకు మాస్టారి మీద కోపం వచ్చింది, ఆ పాట విన్నప్పుడు ఏడుపూ వచ్చింది.

మరునాడు ఆయన మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటారో లేదో తెలియక చెప్పులు విప్పలేదు. అమ్మ కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చింది.

"మీ పాట నాకొద్దు సార్. మీరు మాత్రం వస్తా ఉండండి."

పోయేదాకా ఆయన వస్తూనే ఉన్నారు. అమ్మ ఆ పాటను ఏనాడూ ఒప్పుకోలేదు, కాఫీ ఏనాడూ మానలేదు. ఇప్పుడు నేను పత్రికలకు పుస్తక సమీక్షలు రాస్తాను. నచ్చని పుస్తకాన్ని నచ్చలేదనే రాస్తాను, మొహమాటం లేదు. కాకపోతే ప్రతి వాక్యమూ, రాసినవాడు రేపు పొద్దున మా గుమ్మం ముందు చెప్పులు విప్పకుండా నిలబడతాడనుకుని రాస్తాను.