నేను విప్పించిన బూట్లు

ఇది జరిగేనాటికి నాకు అక్షరాలు రావు. తర్వాత మనవరాలు ఆదివారం తెలుగు బడికి వెళ్తుంటే దాని పక్కన చిన్న కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. మా అమ్మాయి చేత అప్పుడే రాయించి ఉండవచ్చు. కానీ నా సిగ్గు ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం పక్క చేలో కాపలా పడుకున్నదాన్ని.

మేముండేది అమెరికాలో నోవై అనే ఊళ్లో. పక్కింట్లో వాల్టర్ గారని వందేళ్లకు దగ్గరపడ్డ పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం మా అమ్మాయి సుజాత ఆయన్ని భోజనానికి పిలిచింది. ఆయన బూట్లతోనే లోపలికి రాబోయారు. నేను అడ్డం నిలబడి “షూస్, షూస్” అని కాళ్లవైపు చూపించాను. ఉంచుకోవచ్చా అని ఆయన మెల్లగా అడిగారట.

“అమ్మా, పర్లేదు, వదిలెయ్. వంగి లేస్ తియ్యలేరు పాపం.”

“అయితే నువ్వే విప్పు. లోపల దేవుడి మందిరం ఉంది. ఎక్కడెక్కడ తొక్కొచ్చాడో ఏమో.”

సుజాతే విప్పింది. మేజోళ్లు తడిశాయని అవీ తీసింది. ఆయన కాలికి కొన్ని వేళ్లు లేవు. నేను తల తిప్పుకున్నాను.

భోజనం దగ్గర ఆయన చెప్పిందంతా సుజాత నాకు తెలుగులో చెప్పింది. కుర్రతనంలో, రెండో ప్రపంచయుద్ధమప్పుడు, యుద్ధవిమానంలో పనిచేశారు. విమానం కూలి జర్మనీలో ఖైదీగా చిక్కారు. యుద్ధం ఆఖరి చలికాలంలో ఖైదీలందరినీ మంచులో వారాల తరబడి నడిపించారు. రాత్రి పశువుల కొట్టాల్లో పడుకున్నా ఎవరూ బూట్లు విప్పేవారు కాదు. విప్పితే తెల్లారేసరికి అవి గడ్డకట్టేవి, వాచిన కాళ్లు పట్టేవి కావు. నడవలేనివాణ్ణి అక్కడే వదిలేసేవారు. పక్కన పడుకున్న స్నేహితుడు ఒక రాత్రి నొప్పి తాళలేక విప్పాడు. పొద్దున “నా కోసం ఆగకు” అన్నాడు. ఈయన ఆగలేదు.



ఆయన లేచినప్పుడు బూట్లు అందిద్దామని నేనే వెళ్లాను. నేలలో వేడిగాలి వచ్చే వెంట్ పక్కనే పెట్టాం. వాటిని ఆనుకుని ఉన్న నా చెప్పులు వెచ్చగా ఉన్నాయి. బూట్లు మాత్రం రాయిలా బిగుసుకుపోయాయి. లేసులు పుల్లల్లా నిలబడ్డాయి. లోపల చెయ్యి పెడితే మంచుగడ్డ. సుజాత కూడా పట్టుకు చూసింది. భోజనాలయ్యేదాకా తలుపు ఎవరూ తియ్యలేదు.

ఆయన ఆశ్చర్యపోలేదు. మెట్టు మీద కూర్చుని, ఆయనది కాని కుర్రగొంతుతో ఏదో అన్నారు.

“ఏమంటున్నారే?”

“‘నా కోసం ఆగకండి, మీరు నడవండి’ అంటున్నారమ్మా.”

నేను కింద కూర్చుని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని కొంగుతో రుద్దాను. క్షమించమని చెప్పవే అన్నాను. సుజాత చెప్పిందో లేదో తెలియదు, ఏడుస్తోంది. చివరికి మా అల్లుడి చెప్పులు తొడిగి, పక్కిల్లే అయినా కార్‌లో దింపి వచ్చింది.

సాయంత్రానికి బూట్లు మెత్తబడ్డాయి. కింద పరిచిన గుడ్డ మీద చుక్క తడి లేదు. అల్లుడు ఏవేవో కారణాలు చెప్పాడు కానీ, ఒక్కటీ అతకలేదు. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆ బూట్లు చేత్తో పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన గుమ్మంలో కూర్చుని తొడుక్కున్నారు. లేసు ముడి జారిపోతూనే ఉంది. నేను చెయ్యి వెయ్యబోతే వద్దన్నారు. ముడి పడేదాకా ఆ చలిలో పక్కనే నిలబడ్డాను.