ఇంకాస్త పడనీండి

ఇంట్లో కూర్చుని షేర్ల వ్యాపారం చేద్దామని ఒక టైలరు రోజూ సాయంత్రం పాత కంప్యూటర్ల కొట్టుకు వస్తాడు. మెడలో టేపు అలాగే వేలాడుతుంటుంది. చవకలో ఉన్న ఒకే ఒక డెస్క్‌టాప్ చుట్టూ తిరిగి, మౌసు రెండుసార్లు నొక్కి, తెరను టేపుతో కొలిచి తల పంకిస్తాడు. "రేటు ఇంకాస్త పడనీండి, అప్పుడు కొందాం. మార్కెట్లో తొందరపడితే మునిగిపోతాం," అంటాడు. మూడు నెలల్లో కొట్టాయన రెండుసార్లు తగ్గించాడు. తగ్గించినప్పుడల్లా, ఇంకా పడుతుందన్న నమ్మకం టైలరుకు గట్టిపడింది. విసుగెత్తిన కొట్టాయన నిన్న మొదటి రేటు మీద మరో వెయ్యి వేసి చీటీ అంటించి, తన బావమరిదినే కొనేవాడిలా దాని ముందు కూర్చోబెట్టాడు. బావమరిది జేబులో చెయ్యి పెట్టాడో లేదో, టైలరు ఆ వెయ్యితో సహా డబ్బు బల్లమీద పెట్టేశాడు. సీపీయూను పసిబిడ్డలా చంకనెత్తుకుని వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి బావమరిది వైపు జాలిగా చూశాడు. "ఏమనుకోకు తమ్ముడూ. ఈ వ్యాపారానికి కావలసింది ఓపిక."