మేస్త్రీ నీళ్ల లారీ

మొన్న శుక్రవారం మిట్టమధ్యాహ్నం మా మేస్త్రీ పోయినాడు. నేను బత్తలపల్లెలో ఒకరింటికి వాకిలి బిగిస్తా ఉండినా. వార్త తెచ్చినాయన సైకిలు దిగకుండానే చెప్పినాడు.

"ఆచారీ, మీ లారీ మేస్త్రీ పోయినాడప్పా. షెడ్డులో లారీ ముందరి చక్రానికి ఆనుకోని కూర్చోనుండినాడంట. నిద్రపోతాండాడు అనుకున్యారంట."

నా నోట్లో మేకులుండినాయి. ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నా.

నేను వడ్రంగిని. వీధిబడిలో నాలుగేళ్లు చదివినా. జాబులు తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు. ఇప్పుడు రాసేదానికి కారణం ఒకటుంది. సమాధి కాడ మట్టి వేస్తాంటే నా వెనక ఇద్దరు అనుకున్యారు. "మంచోడే పాపం. ఆ ఒక్క బ్రేకు పని చెడగొట్టకుండా ఉండింటే ఎంత పేరుండేది!" ఆ మాట తప్పు. దాన్ని సరిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినా.

ఆయన ఇంటి ముందర రేకుల షెడ్డు, పక్కన నా కొట్టం. రెండింటికీ ఒకటే గోడ. ఆ గోడలో గంప పట్టేంత కిటికీ. ఆయన మాట ఈ పక్కకు వచ్చేది, కొయ్య గీకే నా రందా చప్పుడు ఆ పక్కకు పోయేది. "ఏమప్పా ఆచారీ, మేకులు మింగినావా, ఇంకా నోట్లోనే ఉండాయా?" అని కిటికీలోనుంచి టీ గ్లాసు అందించేవాడు. నేను నవ్వేవాణ్ణి. మా స్నేహమంతా అట్లనే జరిగింది. ఆయన మాట, నా నవ్వు.

ఏ బండి వచ్చినా ఆయన ముందు ముక్కుతో చూసేవాడు. ఇంజిను మూత తీసి, వేలు పెట్టి, వాసన చూసి, "దీనికి కిరసనాయిలు తాపినార్రా ఎవరో దరిద్రులు" అనేవాడు. తోలినోడు ఒప్పుకునేవాడు. "బండి అబద్ధం చెప్పదు ఆచారీ. దానికి తెలీదు" అనేవాడు నాతో.

ఇంకొక పట్టు ఉండేది ఆయనకు. బ్రేకు పని ఎవరు చేసినా సరే, ఆ బండిని ముందు తానే తోలాల. ఊరి బయట రోడ్డు వంకలోకి, ఎండిన వాగులోకి, దిగుతాది. ఆ దిగుడులో ఒక్కడే పోయి, నడిమధ్యలో బ్రేకు తొక్కి, బండి నిలబడితేనే తిరిగొచ్చి తాళం చెవి ఇచ్చేవాడు.

యుద్ధం అయిపోయినాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన లారీ ఒకటి ఊళ్లో శెట్టి కొన్నాడు. ముక్కు మొద్దుగా, పైన గుడ్డ కప్పుతో ఉండేది. దాన్ని తోలేవాడు మేస్త్రీ అల్లుడు, అక్క కొడుకు. ఇరవై రెండేండ్లుంటాయేమో. నన్ను ఆచారన్నా అని పిలిచేవాడు. ఆ లారీ పక్కన నిలబడి ఎప్పుడూ ఏదో ఒకటి తుడస్తా ఉండేవాడు.

ఆ కాలంలో బ్రేకు నూనె కావాలంటే మద్రాసు నుంచి రావాల. అందుకని మేస్త్రీ ఆముదం వడగట్టి, స్పిరిటు కలిపి, డబ్బాలో పెట్టుకునేవాడు. బ్రేకు లోపలి రబ్బరుకు ఆముదం పడతాది. మిగతా నూనెలు పడవు. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

ఒక శుక్రవారం మేస్త్రీ నమాజుకు పోయినాడు. అల్లుడు లారీ కింద పడుకోని బ్రేకులో గాలి తీస్తాండాడు. పైన తొక్కేకి మనిషి కావాల. కిటికీలోనుంచి నన్ను పిలిచినాడు.

"తొక్కన్నా" అంటే తొక్కాల. ఆయప్ప కింద మర వదులు చేసి, గాలి పోయినాక బిగిస్తాడు. "వదులన్నా" అంటే కాలు తీయాల.

"నేను చెప్పకముందే తీసేవు సుమా. గాలి మళ్లీ లోపలికి పోతాది. ఆచారన్న కాలు గట్టిదేలే, నోరే గట్టిగా లేదు" అని కింద నుంచి నవ్వినాడు.

అట్ల రెండుసార్లు అయింది. "ఇంకొంచెం ఆముదం పొయ్యన్నా" అన్నాడు. డబ్బా వంచితే చుక్క రాలేదు. కిటికీలో నా డబ్బా ఉండింది. రంపానికి, రందాకు పూసుకునే శనక్కాయ నూనె. మూత మీద ఉలితో నేను కొట్టుకున్న రెండు గీట్లు. నూనె నూనేగదా అనుకున్నా. పోసినా.

"పోసినావా అన్నా?"

నోట్లో మేకులుండినాయి. "ఊ" అన్నా.

మూడోసారి తొక్కినా, వదిలినా. పని అయిపోయింది. మేస్త్రీ వచ్చి, తన పద్ధతి ప్రకారం వంక దిగుడుకు తోలుకోని పోయి, నిలబెట్టి చూసి వచ్చినాడు. "రాయి మాదిరి నిలబడతాండాది పోరా" అని తాళం చెవి అల్లుని చేతిలో పెట్టినాడు. రబ్బరు నూనె తాగి ఉబ్బేకి నాలుగైదు దినాలు పడతాదంట. అది తర్వాత తెలిసింది.

ఆరో దినం ఆ దిగుడులోనే లారీ నిలబడలేదు. వంకలో బోర్లా పడింది. అల్లుడు దాని కింద ఉన్నాడు.

రెండేండ్లు ఆ లారీ వంకలోనే ఉండింది. శెట్టి ఇనుము కింద గూడా వద్దన్నాడు. మేకలు తోలేవాళ్లు ఆ పక్కకు పోయేది మానుకున్యారు. అప్పుడే కరువు వచ్చింది. బావులు ఎండిపోయినాయి. ఆడోళ్లు రెండు మైళ్లు పోయి బిందె నీళ్లు తెచ్చుకుంటాండారు. ఒక పొద్దు మేస్త్రీ కిటికీ కాడికి వచ్చి, "ఆచారీ, ఆ బండిని తెస్తాండా. నీళ్ల బండి చేస్తా. పైన కొయ్యపని నీది" అన్నాడు. నేను తల ఊపినా. వద్దు అనేకి గూడా నోరుండాలగదా.

ఎనిమిది ఎద్దులు కట్టి లాక్కొచ్చినారు. షెడ్డు వాకిలి కాడ ఎద్దులు ఆగిపోయినాయి. కొట్టినా అడుగు వెయ్యలేదు. "మనుషులే తొయ్యండప్పా. వాటికి తెలిసింది మనకు తెలీదు" అని మేస్త్రీ ఎద్దులను విప్పించినాడు.

మొదట విప్పింది బ్రేకు సిలిండరు. నేను కిటికీ ఇవతల పలకలు చిత్రిక పడతాండా. మేస్త్రీ లోపలి రబ్బరు వాషరు తీసినాడు. కుక్కగొడుగు మాదిరి ఉబ్బిపోయింది. రెండేండ్ల ఇసక, ఎండ అయినాక గూడా దాన్ని ముక్కు కాడ పెట్టుకున్యాడు. చానాసేపు పెట్టుకున్యాడు. తర్వాత కిటికీ వైపు చూసినాడు. నేను తల వంచుకున్నా.

ఆ పొద్దే వాళ్లక్క వచ్చింది. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి అడిగింది. "ఏం తెలిసింది తమ్ముడా? నా కొడుకు తప్పు తోలినాడా?"

"వాడు తప్పు తోలలేదక్కా. నా చేతి తప్పు. వాషరు నేను సరిగ్గా వెయ్యలే."

ఆమె వెనక్కి తిరిగింది. కొంగు తల మీదికి లాక్కోని వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటి వాకిలి తొక్కలేదు. అన్నం పెట్టి పెంచిన అక్క. ఆ మాట నాలుగు ఊళ్లకు పాకింది. రాప్తాడు, ధర్మవరం నుంచి వచ్చే లారీలు ఆగిపోయినాయి. "ఆయప్ప కాడ బ్రేకు చేయించుకుంటే వంకలో తేలతావు" అని టీ అంగళ్ల కాడ నవ్వుకునేవాళ్లు. నేను ఆ టీలు తాగినా. నవ్వలేదు, అంతే. కాదని గూడా అనలేదు.

పని జరిగింది. బిగుసుకుపోయిన మరలను మంట పెట్టి వేడి చేసి విప్పినాడు. ఇంజినును నేల మీద గోనెసంచులు పరిచి, పిల్లకు తల దువ్వినట్టు ఒక్కొక్క ముక్కా కడిగినాడు. గుడ్డ కప్పు తీసేసి నేను వేపకొయ్యతో కాబిను కట్టినా. నీళ్లకు తొట్టి కావాల. నూనె మిల్లులో పాత ఇనుప తొట్టి ఊరికే ఇస్తామన్నారు. మేస్త్రీ పోయి వాసన చూసి, "శనక్కాయ నూనె వాసన ఈ బండికి వద్దప్పా" అని ఖాళీ చేతుల్తో వచ్చినాడు. రేకు కత్తిరించి, రివెట్లు కొట్టి తానే తొట్టి చేసినాడు. దానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలు ఆ షెడ్డులో జరిగింది జరిగినట్టు రాస్తాండా. నమ్మండి, నమ్మకపోండి.

ముందరి చక్రం కాడ నేల బండ మీద నేను ఉలితో గీత గీసినా. మరుసటి దినం చక్రం గీతను రెండు వేళ్లు దాటింది. ఇంకో గీత గీసినా. అదీ దాటింది. నేల వాలు లేదు, మట్టం పెట్టి చూసినా. చక్రానికి రాయి అడ్డం పెడితే రాయిని నెట్టుకుంటా వాకిలి వైపే వచ్చింది. మేస్త్రీ గీతలు లెక్కపెట్టి, "దానికి పోవాలని ఉండాదిలే" అన్నాడు, అంతే.

ఒక ఎండాకాలం శుక్రవారం, ఆయన నమాజుకు పోయిన వేళ, నేను కాబిను పైకప్పుకు పలకలు కొడతాండా. ఊరంతా మాటు మణిగింది. కాకి గూడా లేదు. ఎందుకో కిందికి చూసినా. బ్రేకు పెడలు కిందికి పోతాండాది. మెల్లగా, మనిషి కాలితో తొక్కినట్టు. అడుగుకు పోయి కాసేపు ఆడనే ఉండింది. తర్వాత పైకి వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. మూడుసార్లు. లోపల ఎవరూ లేరు. కింద ఎవరూ లేరు. కొబ్బరిపీచు దిండు మీద, తోలేవాడు కూర్చునే చోట, కూర్చోని లేచిన గుంట మాత్రం ఉండింది.

నేను నిచ్చెన దిగి వాకిట్లో ఎండలో నిలబడినా. మేస్త్రీ వచ్చినాక చెప్పినా. అన్నేండ్లలో ఆయన అడక్కుండా నేను చెప్పిన మొదటి మాట అదేనేమో.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"మూడు."

"గాలి తీస్తాండాడు. వాడు ఎప్పుడూ మూడుసార్లే తీసేది." టోపీ మడిచి జేబులో పెట్టుకున్యాడు. "భయమైందా?"

"ఊ."

"నాకైతే తోడుగా ఉండాది."

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "మేస్త్రీ, ఆ పొద్దు నూనె..." అన్నా.

"పొద్దు వాలతాండాది ఆచారీ. రందా పట్టు."

నేను కదలలేదు. ఆయన లారీ కిందికి దూరినాడు. కిందనుంచి మాట వచ్చింది. "ఒక పేరు పోయింది, చాలు. రెండోది ఎందుకు పోవల్ల?"

అర్థం కానట్టు నటించి రందా పట్టినా. ముగ్గురు బిడ్డల తండ్రిని, ఈ ఊళ్లోనే బతకాల అనుకున్నా. ఇప్పుడు ఆ మాట రాస్తాంటే చిన్నదిగా కనపడతాది.

లారీ నడిచింది. ఏండ్ల తరబడి నడిచింది. స్టీరింగు ఇంకొకరి చేతికి ఇయ్యలేదు ఆయన. ఏ ఊరి బావి ఎండితే ఆ ఊరికి నీళ్లు తోలినాడు. టీ అంగడి కాడ నవ్వినోళ్లు గూడా బిందెలు పట్టుకోని ఆ లారీ ముందరే వరసగా నిలబడినారు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వంక దిగుడులో, అల్లుడు పోయిన చోటనే, బ్రేకు తొక్కి నిలబెట్టేవాడు. దిగి ఒక చెంబు నీళ్లు మట్టిలో పోసేవాడు. "గుక్కెడు నీళ్లకు ఏడస్తాంటే మట్టిపాలు చేస్తాండావేమి మామా?" అని లారీ వెనక నిలబడినోడు అరిస్తే, "ఆ చెంబు నా వంతులే, నువ్వు పట్టుకో బిందె" అనేవాడు. నిజంగానే ఇంట్లో ఆయన ఒక చెంబు తక్కువ తాగేవాడని వాళ్లింటామె చెప్పింది.

మట్టి వేసి వచ్చిన మరుసటి దినం ఆ యమ్మే నన్ను పిలిచింది. చేతిలో ఒక డబ్బా పెట్టింది. "నేను పోయినాక ఆచారికి ఇయ్యి అన్నాడన్నా. ఏముండాదో నాకు తెలీదు."

మూత మీద ఉలితో కొట్టిన రెండు గీట్లు. నా డబ్బా. లారీ పడిన వారంలో కనపడకుండా పోయింది, నేను వెతకలేదు. ఆయనకు ఆ పొద్దే అనుమానం వచ్చి ఉండాల. మూత తీసినా. లోపల ఉబ్బిన రబ్బరు వాషరు, గుడ్డలో చుట్టి ఉండింది. నేను గూడా ఆయన మాదిరి ముక్కు కాడ పెట్టుకున్నా. ఇన్నేండ్లకు గూడా శనక్కాయ నూనె వాసన.

అయ్యా, ఇది చదివేవాళ్లకు చెప్తాండా. ఆ బ్రేకు మేస్త్రీ చెడగొట్టలేదు. ఆ నూనె పోసింది నేను. అల్లుడు అడిగితే ఊ అన్నది నేను. ఆయనకు తెలుసు. తెలిసీ తన పేరు, తన అన్నం, తన అక్కను పోగొట్టుకోని నన్ను ఊళ్లో నిలబెట్టినాడు. ఈ కాగితం అచ్చు కాకముందే వాళ్లక్క ఇంటికి పోయి ఇదే మాట చెప్పి వచ్చినా. ముసలామె తల ఎత్తి నన్ను చూసింది. "వాడు చెప్పలేదే" అంది. తమ్ముణ్ణి అందో, కొడుకును అందో తెలీలేదు. తర్వాత కర్ర పట్టుకోని లేచి, తమ్ముని ఇంటి వైపు నడిచింది.

నేను షెడ్డులోకి పోయినా. మిట్టమధ్యాహ్నం. రేకులు వేడికి టిక్కు టిక్కుమంటాండాయి. చక్రం నా పాత గీత మీదనే ఉంది. కాబిను ఎక్కి చూస్తే దిండు మీద ఒక గుంట కాదు, పక్కపక్కన రెండు ఉండాయి. కొంచెం జరిగి, అంచున కూర్చున్నా. నోట్లో మేకులు లేవు. "నేనే పోసినా" అని గట్టిగా చెప్పినా. లారీ కిందనుంచి ఇనుము తగిలిన చప్పుడు, మర తిప్పినట్టు.

కాలు బ్రేకు మీద పెట్టి తొక్కినా. రాయి మాదిరి నిలబడింది. తొక్కిపెట్టుకోనే కూర్చున్నా. ఎండ వాకిలి దాటి, చక్రం దాటి, నా మోకాలి మీదికి వచ్చింది. కిందనుంచి ఇంకా ఎవరూ "వదులన్నా" అనలేదు.