పాటను ఊరికి విడిచిన సారు

మా తెలుగు సారు పోయారు. నకిరేకల్ కోర్టు వరండాలో ఉండగా ఫోన్ వచ్చింది. చేతిలో ఉన్నది ఏ కేసు కట్టో మరిచిపోయాను. నాకు రాయడం నేర్పి, వకీలునయ్యాక కూడా "ఓరి మొద్దూ" అని పిలిచిన మనిషి. ఇక ఆ పిలుపు లేదు.

కాలువ నీళ్ల మీద సారు ఒక పాట రాశారు. ఎవరు మెచ్చుకున్నా "గది నాది గాదు, ఊరిది" అనేవారు. నోటితో అంటే సరిపోతుందనుకున్నారు. అదే పొరపాటు. పోయిన ఎండాకాలం పాటల కంపెనీ మనిషి కాయితాలు, డబ్బు పట్టుకుని కారు దిగాడు. సారు నన్ను పిలిపించారు. చదివితే ఒళ్లు మండింది. సర్వహక్కులూ కంపెనీకే!

"సంతకం పెడితే మావోళ్లు పాడొచ్చునా?" అని సారు అడిగారు.

"పొలంలో పాడితే ఎవరొద్దంటారు సార్? స్టేజీ ఎక్కినా, ఫోన్ల పెట్టినా మమ్మల్ని అడగాలె" అన్నాడు కంపెనీ మనిషి.

సారు కలం మూత తీశారు. ఆయన భార్యను మేం పెద్దమ్మ అంటాం. కిడ్నీలు పాడైన భర్తను వారం వారం దవాఖానకు తిప్పుతున్నది ఆమే. "జర సంతకం పెట్టుండ్రి. మీరుంటేనే గద పాట" అంది గుమ్మంలోంచి.

నేను కాయితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "సారూ, హక్కు వదులుకుంటున్ననని అందరికీ తెలిసేటట్టు ప్రకటన ఇయ్యొచ్చు. కానీ ఇడిస్తే మళ్ల రాదు. అమ్ముకునేతందుకు ఏం మిగలదు."

"నా పేరు గిట పోతదారా?"

"పోదు. రాసింది మీరేననే హక్కు మీకే ఉంటది."

మా దిక్కు ఎద్దును అమ్మినా మెడలోని తలుగు తాడు విప్పి ఇంట్లోనే ఉంచుకుంటారు. సారు ఫక్కున నవ్వారు. "గంతేనా! ఎద్దును ఊరికిడుస్త, తలుగు నా దగ్గరుంటది. రాయిరా మొద్దూ!"

రాశాను. కంపెనీ మనిషి కాయితాలు సర్దుకున్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

ప్రకటన పేపర్లో వచ్చాక ఆమె మా ఇద్దరితోనూ మాటలు తగ్గించింది. దవాఖానకు మాత్రం ఎప్పటిలాగే వెంట వెళ్లేది. ఆమె కోపం న్యాయమే అనిపించేది. సారు మాత్రం "ఇచ్చినంక ఎనక్కి సూడొద్దురా, మెడ పట్టేస్తది" అనేవారు.

నిన్న పాడె కాలువ గట్టు మీదుగా పోతోంది. మళ్లలో ఆడవాళ్లు నాట్లేస్తూ ఆ పాటే పాడుతున్నారు. పక్క ఊరి కూలీలు, పోయింది ఎవరో వాళ్లకు తెలియదు. మమ్మల్ని చూసి టక్కున ఆపేశారు.

పెద్దమ్మ గట్టు మీద నిలబడిపోయింది. "ఆపకుండ్రి బిడ్డా! పాడుండ్రి, గది మీదే!" అని అరిచింది.

మోకాళ్ల లోతు బురదలో, నారు చేతబట్టుకుని, వాళ్లు మళ్లీ అందుకున్నారు. పాడె కదిలింది. పెద్దమ్మ అక్కడే నిలబడి, ఏడుస్తూ, వాళ్లతో గొంతు కలిపింది.